తుపాకీ కొనేముందు చేతులు చూసుకోండి

పోయిన నెల ఓ రోజు గోంగూర పచ్చడి సీసా మూత రాలేదు. వేడినీళ్ళ కింద పెట్టాను, తడిగుడ్డ చుట్టి తిప్పాను, గట్టు మీద రెండుసార్లు తట్టాను. ఊహూఁ! చివరికి మా పదిహేనేళ్ళ అబ్బాయి వచ్చి ఒక్క మెలి తిప్పి తీసి, "ఇంతేనా అమ్మా?" అనేసి వెళ్ళిపోయాడు. వాడికి ఇంతే. నాకు మాత్రం బొటనవేలి మొదట్లో నొప్పి మూడు రోజులుంది. నలభై ఏడేళ్ళొచ్చాయి, పైగా థైరాయిడ్. పొద్దున లేవగానే వేళ్ళు కాసేపు ముడుచుకోవు. ఈ వయసులో మనలో చాలామందికి ఉన్నదే కదా అని ఊరుకున్నాను.

ఆ తర్వాతి శనివారం మావారు నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఇంకో మూత నాకు రాలేదు. అది పిస్టల్ పైభాగం. స్లైడ్ అంటారు. దాన్ని వెనక్కి లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి వెళుతుంది. నేను రెండు వేళ్ళతో పట్టుకుని ఎంత లాగినా సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఇదేమిటి, వంటలూ అత్తగారి కబుర్లూ రాసే మనిషి తుపాకీల గురించి మొదలుపెట్టింది అనుకోకండి. ఇది కూడా ఇంటి సంగతే. అందుకే రాస్తున్నాను.

మాది డాలస్ దగ్గర ఊరు. మావారికి యాభై నాలుగు. పగలు కంప్యూటర్ ఉద్యోగం. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక గ్యాస్ స్టేషన్‌లో వాటా తీసుకున్నారు. వారంలో రెండు రాత్రులు ఈయనే మూసి, డబ్బు తీసుకుని ఇంటికి రావాలి. ఈ దేశంలో కొట్లలో, గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తూ తూటాలకు బలైపోయిన మన తెలుగు పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఆ రాత్రి ఈయన గరాజ్ తలుపు చప్పుడు వినపడేదాకా నాకు నిద్రపట్టదు. ఆ భయం ఆయనకూ ఉంది, పైకి చెప్పరు అంతే.

హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ ఈ ఆలోచనే లేదు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డు పోయింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, ఇరవై ఒక్కేళ్ళు నిండి చట్టం నిషేధించని ఎవరైనా లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకుని తిరగొచ్చు. దుకాణంలో ఫారం నింపాలి, వాళ్ళు మన పూర్వాపరాలు విచారించాలి. అంతే. మన ఊళ్ళో రేషన్ కార్డులో పేరు మార్చుకోవడానికి ఇంతకంటే ఎక్కువ తిరగాలి.

"రోజూ నడుముకు పెట్టుకునేదొకటి తీసుకుందామనుకుంటున్నానే" అన్నారు ఒక రాత్రి. నేను వద్దన్నాను. వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ తర్వాత నాకే అనిపించింది, ఆయన భయాన్ని నేను కొట్టిపారేయలేను కదా అని. కొనేమాటయితే కళ్ళు మూసుకుని కొనడం కంటే నేనూ వెళ్ళి చూస్తే మంచిది. అలా రేంజ్ దాకా వెళ్ళాను.

రివాల్వర్ అంటే నాకు 1971లో వచ్చిన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' తప్ప ఇంకేం తెలియదు. గుర్రం, టోపీ, గిర్రున తిరిగే తుపాకీ. ఇప్పుడు మా స్నేహితుల ఇళ్ళలో భోజనాల దగ్గర మగవాళ్ళంతా రెండు పక్షాలు. చిన్నవాళ్ళంతా పిస్టల్ పక్షం. యాభై దాటినవాళ్ళు రివాల్వర్ పక్షం. "వయసు మీద పడ్డాక రివాల్వరే నయం. ఆడవాళ్ళకైతే కళ్ళు మూసుకుని రివాల్వరే" అని తీర్పు కూడా చెప్పేస్తారు. ఆ తీర్పు సగమే నిజమని నాకు తెలిసొచ్చింది. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

ముందు రెండింటికీ తేడా చెబుతాను. రివాల్వర్‌లో ఐదో ఆరో తూటాలు పట్టే గుండ్రటి డబ్బా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఆ డబ్బా ఒక గడి తిరిగి, సుత్తి వెనక్కి లేచి పడి, తూటా పేలుతుంది. ఒకటి పేలకపోతే మళ్ళీ నొక్కితే చాలు, పక్కది వస్తుంది. లాగాల్సిన స్లైడ్ లేదు. డబ్బా పక్కకు తెరిస్తే తూటాలున్నాయో లేవో కంటికి కనిపిస్తుంది. పిస్టల్‌లో తూటాలు పిడిలో దూర్చే మేగజైన్‌లో ఉంటాయి. మొదటిసారి మనం స్లైడ్ లాగాలి, ఆ తర్వాత పేలినప్పుడల్లా అదే వెనక్కి వెళ్ళి పాతది బయటికి విసిరి కొత్తది లోపలికి తోసుకుంటుంది. ఎక్కువ తూటాలు పడతాయి, ట్రిగ్గర్ తేలిక. కానీ మధ్యలో ఇరుక్కుంటే మళ్ళీ ఆ స్లైడ్‌తోనే కుస్తీ పట్టాలి.

ఇంతవరకూ వింటే రివాల్వరే నయమనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, దుకాణంలో పెద్దాయన చేతికిచ్చిన చిన్న రివాల్వర్ ముద్దుగా ఉందని మురిసిపోయాను. నాలుగువందల పాతిక గ్రాములు కూడా లేదేమో. పాయింట్ 38 రకం, ఐదు తూటాలు. తీరా నొక్కబోతే ట్రిగ్గర్ కదలదే! ఇలాంటి చిన్న రివాల్వర్లకు ట్రిగ్గర్ నొక్కడానికి పది పన్నెండు పౌన్ల బలం కావాలట. అంటే సుమారు ఐదు కిలోలు. అర కిలో బరువు లేని వస్తువును కదలకుండా పట్టుకుని, ఐదు కిలోల బియ్యం సంచిని ఒక్క చూపుడువేలితో లాగినట్టు. వేలు లాగేసరికి తుపాకీ మొత్తం పక్కకు ఒరిగిపోయేది. నేను కొట్టిన ఐదింటిలో రెండే కాగితానికి తగిలాయి.

ఇక పేలినప్పుడు తన్నే తన్ను. తుపాకీ ఎంత తేలికైతే చేతికి అంత గట్టిగా తగులుతుంది. బరువున్న తుపాకీ ఆ దెబ్బను తనే కొంత మింగుతుంది, పిస్టల్‌లో స్లైడ్ వెనక్కి వెళ్ళడంలో కొంత పోతుంది. ఈ చిన్నదానికి ఆ రెండూ లేవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ రెండు రోజులు పులిసిపోయి చపాతీ పిండి కలపలేకపోయాను. నొప్పి పెట్టేదాన్ని ఎవరు సాధన చేస్తారు? సాధన చేయని తుపాకీ నడుముకు ఉండి ఏం లాభం?

మరి పెద్ద బరువైనది కొనుక్కోవచ్చుగా అంటారా? మనకు తెలియనిదేముంది! కాసులపేరు లాకర్‌లో ఉంటుంది, రోజూ ఒంటి మీద ఉండేది నల్లపూసలే. బరువైన తుపాకీ నాలుగు రోజులు నడుముకు కట్టుకుని ఐదో రోజు బీరువాలో పెడతారు. రోజూ మోసేది తేలికగా ఉండాలి, తేలికైనది కొట్టడానికి కష్టం. ఈ చిక్కు అందరికీ ఉన్నదే కానీ, వయసు పెరిగేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

"ఆడవాళ్ళకు తేలికపాటి రివాల్వర్" అనే ఆలోచన ఇక్కడే కాదు, మన దేశంలోనూ ఉంది. 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసమే అంటూ పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, ధర లక్ష రూపాయల పైన. హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుందన్నారు. బ్యాగ్‌లో పట్టడం, చేతిలో పట్టు దొరకడం రెండూ ఒకటి కాదని దుకాణాలవాళ్ళు ఎందుకు చెప్పరో!

ఇక పిస్టల్. నేను ఓడిపోయిన ఆ స్లైడ్ దగ్గరికి రేంజ్‌లో నేర్పే ఆవిడ వచ్చారు. అరవై దాటి ఉంటాయి. "లాగొద్దు, తొయ్యి" అన్నారు. స్లైడ్‌ను వేళ్ళతో గిల్లినట్టు కాక, పైనుంచి అరచేయంతా వేసి గట్టిగా పట్టుకోవాలి. తుపాకీని ఛాతీకి దగ్గరగా, గొట్టం గురి వైపే ఉంచుకుని, పిడి పట్టుకున్న చేతిని ముందుకు తొయ్యాలి. అరచేయీ భుజమూ పనిచేస్తాయి, వేళ్ళ మీద భారం ఉండదు. మూడోసారికి వచ్చేసింది! రోటి పచ్చడి నూరేటప్పుడు అమ్మ చెప్పేది గుర్తొచ్చింది, మణికట్టుతో కాదే, భుజంతో నూరు అని.

అయినా రాని చేతులుంటాయి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఎంత కిటుకు నేర్పినా రాకపోవచ్చు. వాళ్ళ కోసమే మెత్తటి స్ప్రింగుతో తేలిగ్గా కదిలే స్లైడ్‌లున్న పిస్టళ్ళు వచ్చాయి. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు 2018లో తెచ్చిన 'షీల్డ్ ఈజీ' అలాంటిదే. గొట్టం వెనకవైపు పైకి లేచి, తూటాను నేరుగా చేత్తో పెట్టుకునే బెరెట్టా రకాలు కూడా ఉన్నాయి, వాటికి మొదటి తూటా కోసం స్లైడ్ లాగక్కర్లేదు. కాబట్టి "వయసైంది, ఇక రివాల్వరే గతి" అన్నది పాత మాట. స్లైడ్ లాగలేని చేయి ఐదు కిలోల ట్రిగ్గర్ నొక్కగలదని ఏముంది? కొందరికి వేళ్ళు బలహీనం, కొందరికి పట్టు బలహీనం. ఎవరి చేతులు వాళ్ళవి.

కళ్ళ సంగతి ఇంకోటి. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడానికి మనం పిల్లల్ని పిలుస్తాం. తుపాకీ చివర గురి చూసే ముక్క కూడా సరిగ్గా ఆ మసక దూరంలోనే ఉంటుంది. చిన్న రివాల్వర్ల మీద అది ఒక గీతంత. మావారు ప్రోగ్రెసివ్ అద్దాలతో తల పైకీ కిందికీ ఊపుతుంటే నాకు నవ్వాగలేదు. ఎర్రచుక్క చూపించే అద్దం బిగించిన పిస్టల్ ఇచ్చాక తల ఊపడం మానేశారు. చుక్కా గురీ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి చత్వారం ఉన్నవాళ్ళకు అది సాయం.

ఇంతవరకూ చేతులూ కళ్ళూ. ఇక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం రాసేదాన్నే కాదు.

మా పక్కింట్లో అమెరికన్ దంపతులున్నారు. ఆయనకు డెబ్బై ఆరు. ముప్పై ఏళ్ళు పిస్టల్ మోసిన మనిషి. కీళ్ళనొప్పులతో స్లైడ్ లాగలేక మూడేళ్ళ క్రితం రివాల్వర్‌కు మారారు. కొంచెం బరువైనది, తేలికగా తన్నే తూటాలు, చేతికి సరిపోయే రబ్బరు పిడి, అన్నీ చూసుకుని ఎంచుకున్నారు. మావారికి ఓపిగ్గా అన్నీ చెప్పింది ఆయనే. వయసుకు తగ్గ ఎంపిక అంటే ఎలా ఉండాలో అలా చేశారు.

పోయిన అక్టోబర్‌లో మా మామయ్యగారు సాయంత్రం నడకకు వెళ్ళి, కాస్త చీకటి పడ్డాక వస్తున్నారు. తలకు మంకీ క్యాప్, భుజం మీద శాలువా. పక్కింటాయన వాకిట్లో ఉన్నారు. మూడు వేసవులుగా ఒకరికొకరు చెయ్యూపుకుంటున్న మనుషులు. ఆ సాయంత్రం ఆయన మామయ్యగారిని గుర్తుపట్టలేదు. "ఎవరు నువ్వు? ఆగక్కడే!" అని అరుస్తూ చేయి నడుము దగ్గరికి పోనిచ్చారు. మామయ్యగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, నవ్వుతూ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఈలోపు ఆయన భార్య తలుపు తీసుకుని పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ పరిగెత్తుకొచ్చారు. ఆయన చేయి ఆగింది. అంతే, ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని ఇప్పటికీ రోజూ అనుకుంటూ ఉంటాను.

మర్నాడు ఆవిడ మా వంటింట్లో కూర్చుని ఏడ్చారు. ఏడాదిగా ఆయనకు రోజులూ పేర్లూ తప్పుతున్నాయట. ఆవిడకు తెలుసు, డాక్టరుకూ తెలుసు. తుపాకీ సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. "అడిగితే అవునని ఒప్పుకునే బుర్ర ఆయనకున్నప్పుడు అడగడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు అడిగితే నేనేదో దొంగతనం చేస్తున్నట్టు చూస్తున్నారు" అన్నారు. ఊళ్ళోనే ఉన్న కొడుకు వచ్చి ఇంట్లో ఉన్నవన్నీ తీసుకెళ్ళాడు. ఆయన రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదట.

నా ఆలోచన మారింది ఆ రోజే. ఆయన చేతికి సరిపోయే తుపాకీ దొరికింది. మతిమరుపుకు సరిపోయేది మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. పిస్టల్‌లో మేగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటాం, గొట్టంలో ఒకటి మిగిలే ఉంటుంది. ఆ ఒక్కటీ మరిచిపోయినవాళ్ళ వల్ల జరిగిన ప్రమాదాలెన్నో. రివాల్వర్‌లో కంటికి కనిపిస్తుంది, నిజమే, కానీ తెరిచి చూడాలని గుర్తుండాలి కదా. ఎదురుగా ఉన్నది దొంగా, పక్కింటి ముసలాయనా అన్నది మాత్రం ఏ మెకానిజమూ చెప్పదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మనం ఇళ్ళల్లో ఎత్తడానికి ఇష్టపడని మాట. అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆత్మహత్యల రేటు అందరికంటే ఎక్కువున్నది డెబ్బై ఐదు దాటిన మగవాళ్ళలో. ఉద్యోగం పోయి, స్నేహితులు పోయి, ఒంట్లో ఓపిక పోయి, ఒంటరిగా కూర్చునే వయసులో నడుముకు తుపాకీ ఉంటే, అది బయటి దొంగ కంటే ఇంట్లోని దిగులుకే ముందు అందుతుంది. పదిహేనేళ్ళ పిల్లాడున్న ఇంటికీ ఇదే వర్తిస్తుంది. ఆ వయసులో దిగులు తుఫానులా వచ్చి పోతుంది, ఆ గంటలో చేతికి ఏం దొరికిందన్నదే ప్రశ్న. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి చిక్కేలా గుండ్లున్న తుపాకీ వదిలేస్తే టెక్సాస్ చట్టం పెద్దవాళ్ళనే తప్పుపడుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన మామయ్యగారు దాన్ని ముట్టుకోవడమూ తప్పే. "నేనూ రేంజ్‌కి వస్తాను" అని ఆయన సరదా పడినా, అందుకే వద్దన్నాం.

నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఇనప్పెట్టె తాళాలు మా అత్తయ్య కొంగున ఉండేవి. ఆవిడకు డెబ్బై వచ్చిన ఏడాది, ఎవరూ అడక్కుండానే, సంక్రాంతి పూట ఆ గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టారు. "మర్చిపోయే రోజు రాకముందే ఇచ్చేస్తున్నానమ్మా, మర్చిపోయాక ఇస్తే అది ఇవ్వడం అవదు, మీరు తీసుకోవడం అవుతుంది" అన్నారు. అప్పుడు నాకా మాట లోతు తెలియలేదు. పక్కింటావిడ ఏడుస్తుంటే తెలిసింది.

అందుకే నా అభిప్రాయం ఇది. రివాల్వరా, పిస్టలా అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు వయసులో లేదు, ఆ మనిషి చేతుల్లో ఉంది. అద్దెకిచ్చే రేంజ్‌కి వెళ్ళి రెండూ పట్టుకుని, యాభైయ్యేసి తూటాలు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. భర్తలు భార్యలకు, కొడుకులు తండ్రులకు కొని తెచ్చి చేతిలో పెట్టడం మానాలి. చీరలు కొన్నట్టు కొనే వస్తువు కాదది. మొదటి ప్రశ్న మాత్రం వేరే. దీన్ని ఎప్పుడు దించుతావు? ఎవరు చెబితే దించుతావు? కొన్న రోజే ఇది తేలాలి. అడగాల్సింది ఇంటి ఆడవాళ్ళమే. ఎందుకంటే మతిమరుపు మొదట కనిపెట్టేదీ మనమే, దిగులు మొదట కనిపెట్టేదీ మనమే.

మా ఇంట్లో ఏం తేలిందో చెప్పి ముగిస్తాను. ముందు అంగడి సంగతి చూశారు. రాత్రి ఒక్కరే మూయకుండా ఇద్దరుండాలని, డబ్బు ఇంటికి తేకుండా అక్కడే తెరవలేని పెట్టెలో వేయాలని భాగస్వాములంతా ఒప్పుకున్నారు. నా భయం సగం అక్కడే తగ్గింది. అయినా ఆయన కొంటానన్నారు. సరేనన్నాను. స్లైడ్ తేలిగ్గా కదిలే ఒక మధ్యరకం పిస్టల్ తీసుకున్నారు, నెలకోసారి సాధనకు వెళతారు. నడుము నుంచి తీసిన మరుక్షణం తాళం పెట్టెలోకి వెళ్ళాలి, దాని నంబరు పిల్లలకు తెలియకూడదు, కారులో వదలకూడదు.

ఇంకొకటి, తెల్లకాగితం మీద ఆయన చేత్తోనే తెలుగులో రాయించాను. అరవై ఐదు నిండిన రోజు, లేదా అంతకంటే ముందే నేను "ఇక చాలండీ" అన్న రోజు, కారణం అడక్కుండా ఇచ్చేస్తానని. సంతకం పెట్టేటప్పుడు కాసేపు కలం పట్టుకుని ఆగారు. "అప్పటికి నీకే మతిమరుపు వస్తేనో?" అన్నారు. నిజమే కదా! అందుకని కింద ఇంకో వరుస చేర్చాం, మా అమ్మాయి చెప్పినా ఇచ్చేయాలని.

ఆ కాగితం ఇప్పుడు బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. ఇనప్పెట్టె తాళాల పక్కనే.